సిట్టింగులను మార్చినా ఓటమే.. మార్చకపోయినా ఓటమే! పార్టీల్లో మార్పు అసలెక్కడ మొదలవ్వాలి?

ఒక పార్టీ సిట్టింగ్ ఎమ్మెల్యేల జోలికి దాదాపుగా వెళ్లలేదు. ఇంకో పార్టీ సగానికి దగ్గరగా సీట్లలో మనుషుల్ని మార్చేసింది. ఆరు నెలల తేడాలో రెండూ అధికారం కోల్పోయాయి. మొదటిది తెలంగాణలో బీఆర్ఎస్, రెండోది ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీ.

ఎన్నికలు దగ్గరపడుతున్నాయంటే ప్రతి పార్టీ ఆఫీసులోనూ ఇదే చర్చ. వ్యతిరేకత ఉందని సర్వేలు చెబుతున్నాయి, ఏం చేద్దాం? మెల్లమెల్లగా సర్దుకుంటూ వెళ్దామా? ఒక్క దెబ్బతో అంతా మార్చేద్దామా? మెల్లగా వెళ్తే టైమ్ సరిపోదని కొందరి భయం. దూకుడుగా వెళ్తే పార్టీ చీలిపోతుందని ఇంకొందరి భయం.

మరి తెలుగు రాష్ట్రాల రిజల్ట్స్ చూస్తే ఏ రూటు కరెక్ట్? లెక్కల్లోకి వెళ్తే అసలు సమస్య స్పీడ్‌లో లేదనిపిస్తుంది. మార్పు ఎంత వేగంగా చేశారన్నది కాదు.. ఎవర్ని మార్చారు, జనం కోపం ఎవరి మీద ఉంది అన్నదే తేడా తెచ్చింది.

కేసీఆర్ రూటు: కదపొద్దు

2023 ఆగస్టు 21. ఎన్నికల షెడ్యూల్ కూడా రాకముందే 119 సీట్లకు గాను 115 మంది అభ్యర్థుల్ని ఒకేసారి ప్రకటించి కేసీఆర్ అందరికీ షాకిచ్చారు. అందులో టికెట్ దక్కని సిట్టింగులు ఏడుగురే.

ఇది ఆయన కొత్తగా కనిపెట్టిన ఫార్ములా కాదు. 2018 సెప్టెంబర్ 6న అసెంబ్లీ రద్దు చేసిన రోజే 105 మంది పేర్లు చదివేశారు. అప్పుడు పక్కన పెట్టింది ఇద్దర్నే. ఆ ఎన్నికల్లో 88 సీట్లు వచ్చాయి. ఒకసారి హిట్టయిన ఫార్ములాను మళ్లీ నమ్ముకున్నారు.

కానీ ఐదేళ్లలో గ్రౌండ్ మారిపోయింది. రెండు టర్ములు పూర్తయ్యేసరికి నియోజకవర్గంలో ఎమ్మెల్యే మాటే శాసనంగా మారింది. పథకంలో పేరు రావాలన్నా, ఊళ్లో చిన్న పని కావాలన్నా ఆయన గడప తొక్కాల్సిందే. దళితబంధు లబ్ధిదారుల ఎంపిక కూడా ఎమ్మెల్యేల చేతిలోనే నడిచింది. అందులో కొందరు వసూళ్లు చేస్తున్నారని ఎన్నికల ఏడాదిలో స్వయంగా కేసీఆరే పార్టీ సమావేశంలో హెచ్చరించారు. అంటే రోగం ఎక్కడుందో ఆయనకు తెలుసు. అయినా టికెట్ల దగ్గరికి వచ్చేసరికి పాతవాళ్లకే ఓటేశారు.

ఫలితం తెలిసిందే. బీఆర్ఎస్ 39, కాంగ్రెస్ 64. పాలకుర్తిలో సీనియర్ మంత్రి ఎర్రబెల్లి దయాకర్ రావు 26 ఏళ్ల యశస్విని రెడ్డి చేతిలో ఓడిపోయారు. ఆయనతో కలిపి ఆరుగురు మంత్రులు ఇంటిదారి పట్టారు.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. మార్చిన ఆ కాసిని సీట్లలో ఏం జరిగింది? బోథ్, ఆసిఫాబాద్, ఉప్పల్, స్టేషన్ ఘన్‌పూర్‌లలో కొత్త అభ్యర్థులు గెలిచారు. ఖానాపూర్, వేములవాడ, వైరాలో ఓడారు. ఆ తర్వాత సిట్టింగులను తప్పించిన జనగామ, నర్సాపూర్, ఆలంపూర్.. ఈ మూడూ పార్టీ ఖాతాలోనే పడ్డాయి. అంటే ఈ పదింటిలో ఏడు గెలుపులు. మొత్తం రాష్ట్రంలో చూస్తే ఆ పార్టీ గెలిచింది మూడింట ఒక సీటు.

పది సీట్లతో సిద్ధాంతాలు రాసేయలేం, నిజమే. ఒక్కో సీటుకు ఒక్కో లోకల్ లెక్క ఉంటుంది. హైదరాబాద్ జిల్లాలో పాత ముఖాలతోనే బీఆర్ఎస్ గట్టిగా నిలబడింది, కాంగ్రెస్‌కు అక్కడ ఒక్క సీటూ రాలేదు. ధరణి సమస్యలు, టీఎస్‌పీఎస్సీ పేపర్ల లీకేజీ, పోలింగ్‌కు నెల ముందు కుంగిన మేడిగడ్డ.. ఇవేవీ ఎమ్మెల్యేల ఖాతాలో వేసేవి కావు. కానీ రెండు పార్టీల మధ్య ఓట్ల తేడా రెండు శాతమే అన్నది గుర్తుపెట్టుకోవాలి. అంత తక్కువ తేడా ఉన్నచోట ఇంకో ఇరవై, ముప్పై సీట్లలో ముఖం మార్చి ఉంటే? బీఆర్ఎస్ క్యాడర్ ఇప్పటికీ వేసుకుంటున్న ప్రశ్న ఇది.

జగన్ రూటు: కదిపేద్దాం

తెలంగాణ రిజల్ట్ వచ్చింది 2023 డిసెంబర్ 3న. సరిగ్గా ఎనిమిది రోజులకు, డిసెంబర్ 11న, వైఎస్సార్‌సీపీ 11 నియోజకవర్గాల్లో ఇన్‌ఛార్జిలను మార్చింది. పక్క రాష్ట్రంలో కేసీఆర్ చేసిన తప్పు ఇక్కడ రిపీట్ కాకూడదనే ఈ స్పీడ్ అని అప్పట్లో జోరుగా చర్చ నడిచింది.

అక్కడి నుంచి జాబితా మీద జాబితా. 2024 మార్చి 16న ఇడుపులపాయలో ఫైనల్ లిస్ట్ వచ్చేసరికి సుమారు 80 అసెంబ్లీ స్థానాల్లో మార్పులు జరిగాయి. కొందరికి టికెట్ లేదు. కొందరికి ఊరు మారింది. చిలకలూరిపేట మంత్రి విడదల రజిని గుంటూరు వెస్ట్‌కు, యర్రగొండపాలెం మంత్రి ఆదిమూలపు సురేష్ కొండపికి, వేమూరు మంత్రి మేరుగు నాగార్జున సంతనూతలపాడుకు, అనకాపల్లి మంత్రి గుడివాడ అమర్నాథ్ గాజువాకకు వెళ్లారు. నలుగురూ ఓడిపోయారు.

నిజానికి దూకుడు జగన్‌కు కొత్త కాదు. 2022 ఏప్రిల్‌లో మంత్రులందరితో ఒకేసారి రాజీనామా చేయించి, 11 మంది పాతవాళ్లను ఉంచి 14 మంది కొత్తవాళ్లతో కేబినెట్ కట్టారు. దేశంలో పెద్దగా ఎవరూ చేయని ప్రయోగం అది. బాలినేని శ్రీనివాస రెడ్డి వర్గం నిరసనలు, మేకతోటి సుచరిత రాజీనామా లేఖ.. అప్పుడే మొదటి పగుళ్లు కనిపించాయి.

జూన్ 4న లెక్క తేలింది. 151 సీట్ల పార్టీ 11కి పడిపోయింది. ఓట్ల శాతం 49.95 నుంచి 39.37కు దిగింది. టీడీపీ, జనసేన, బీజేపీ కలవడం పెద్ద కారణమే. కానీ సొంత ఓట్లలో పది శాతం పోవడాన్ని పొత్తుల ఖాతాలో మాత్రమే వేసేయలేం.

మరి మార్పులు పనిచేశాయా? గెలిచిన ఆ 11 సీట్లనే తీసుకుందాం. పులివెందుల, పుంగనూరు, తంబళ్లపల్లె, బద్వేలు, మంత్రాలయంలో పాతవాళ్లే గెలిచారు. ఆలూరు, యర్రగొండపాలెం, దర్శి, రాజంపేట, అరకు, పాడేరులో అభ్యర్థుల్ని మార్చారు, గెలిచారు. పాతవి ఐదు, కొత్తవి ఆరు. మార్చినా, మార్చకపోయినా వరద ఒకేలా ముంచేసింది!

ఇంకో లెక్క ఇంతకంటే ఇంట్రెస్టింగ్. పార్టీ వద్దనుకున్నవాళ్లు, పార్టీతో కుదరక బయటకు వెళ్లినవాళ్లు ఏమయ్యారు? పెనమలూరు నుంచి వెళ్లిన కొలుసు పార్థసారథి నూజివీడులో టీడీపీ తరఫున గెలిచి మంత్రి అయ్యారు. ఆలూరులో సీటు పోయిన గుమ్మనూరు జయరాం గుంతకల్లులో గెలిచారు. వసంత కృష్ణప్రసాద్ మైలవరంలోనే గెలిచారు. అంతకు ఏడాది ముందు సస్పెండైన ఆనం రామనారాయణ రెడ్డి, కోటంరెడ్డి శ్రీధర్ రెడ్డి కూడా గెలిచారు. మనిషి అదే, గుర్తు మారింది, జనం ఓటేశారు. ఆ ఓటర్ల కోపం మనిషి మీద కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మందు తారుమారైందా?

ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెడితే ఒక విచిత్రం బయటపడుతుంది.

తెలంగాణలో ఎమ్మెల్యే చాలా పవర్‌ఫుల్. అందుకే కోపంలో పెద్ద వాటా ఆయన మీదే పడింది. అక్కడ ఎమ్మెల్యేలను మార్చాల్సింది, మార్చలేదు.

ఏపీలో సీన్ రివర్స్. 2019 ఆగస్టు 15 నుంచి వాలంటీర్ వ్యవస్థ వచ్చింది. యాభై ఇళ్లకో వాలంటీర్. పింఛన్ ఇంటికే వస్తుంది, పథకం డబ్బులు సీఎం బటన్ నొక్కగానే అకౌంట్లో పడతాయి. మంచి జరిగితే పేరు జగన్‌కే. మధ్యలో ఎమ్మెల్యేకు చేయడానికి పనే లేకుండా పోయింది. చివరికి గడప గడపకూ వెళ్లమంటే, అక్కడ రోడ్ల గురించి, డ్రైనేజీ గురించి అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర నిధులూ లేవు, జవాబూ లేదు.

మంచికి పేరంతా ఒక్కరికే వెళ్తే చెడ్డపేరు కూడా అదే అడ్రస్‌కు వెళ్తుంది కదా. మూడు రాజధానులు, మద్యం పాలసీ, పొలం పాస్‌బుక్ మీద ఫొటో, ల్యాండ్ టైట్లింగ్ చట్టం.. వీటిలో ఏ ఒక్కటీ లోకల్ ఎమ్మెల్యే తీసుకున్న నిర్ణయం కాదు. అలాంటప్పుడు ఎమ్మెల్యేను ఈ ఊరి నుంచి ఆ ఊరికి మారిస్తే ఓటరు ఎందుకు శాంతిస్తాడు?

సింపుల్‌గా చెప్పాలంటే.. అక్కడ వేయాల్సిన మందు ఇక్కడ వేశారు. ఇక్కడ వేయాల్సిన మందు ఎక్కడా వేయలేదు.

మంగళగిరిలో రెండు రూట్లూ తలపడ్డాయి

మెల్లగా వెళ్లడం, దూకుడుగా వెళ్లడం.. రెండూ ఒకే నియోజకవర్గంలో ఎదురుపడితే ఎలా ఉంటుందో మంగళగిరి చూపించింది.

2019లో అక్కడ నారా లోకేశ్ 5,337 ఓట్లతో ఓడిపోయారు. ఎమ్మెల్సీగా, మంత్రిగా డైరెక్ట్ ఎంట్రీ ఇచ్చారనే విమర్శలు అప్పటికే ఉన్నాయి. ఓటమి తర్వాత ఇంకో సేఫ్ సీటు చూసుకుంటారని చాలామంది అనుకున్నారు. ఆయన మాత్రం ఆ సీటును వదల్లేదు. 2023 జనవరి 27న కుప్పం నుంచి యువగళం పాదయాత్ర మొదలుపెట్టి 226 రోజుల్లో 3,132 కిలోమీటర్లు నడిచారు. పార్టీలో ఆయన్ని నాయకుడిగా ఒప్పుకోని వాళ్లకు కూడా ఒప్పుకునే టైమ్ దొరికింది.

మరి అవతల? లోకేశ్‌ను ఓడించిన ఆళ్ల రామకృష్ణారెడ్డి 2023 డిసెంబర్ 11న రాజీనామా చేశారు. ఇన్‌ఛార్జిగా గంజి చిరంజీవి వచ్చారు. కొన్ని వారాలకే ఆయనా మారిపోయి మురుగుడు లావణ్య అభ్యర్థి అయ్యారు. ఈలోగా ఆళ్ల కాంగ్రెస్‌లోకి వెళ్లి, మళ్లీ వైఎస్సార్‌సీపీకి తిరిగొచ్చారు. బూత్‌లో కూర్చునే కార్యకర్త ఎవరి ఫొటోతో ఫ్లెక్సీ వేయించాలి?

ఫలితం.. లోకేశ్ మెజారిటీ 91,413. వేవ్ ఉంది, నిజమే. కానీ ఓడిన సీటునే పట్టుకుని ఐదేళ్లు తిరిగిన పార్టీకి, గెలిచిన సీటులో మూడు నెలల్లో ముగ్గురి పేర్లు చెప్పిన పార్టీకి తేడా ఓటరుకు తెలియకుండా ఉంటుందా?

అయితే దూకుడు తప్పేనా? కాంగ్రెస్ కథ వేరే చెబుతోంది

ఇంతవరకూ చదివితే మెల్లగా వెళ్లడమే బెటర్ అనిపించొచ్చు. కానీ తెలంగాణ కాంగ్రెస్ కథ దానికి ఎదురు సాక్ష్యం.

2020 డిసెంబర్‌లో గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో ఆ పార్టీకి వచ్చినవి రెండే డివిజన్లు. పీసీసీ చీఫ్ పదవికి ఉత్తమ్ కుమార్ రెడ్డి రాజీనామా చేశారు. 2021 జూన్ 26న ఆ కుర్చీ రేవంత్ రెడ్డికి దక్కింది. టీడీపీ నుంచి వచ్చి నాలుగేళ్లు కూడా కాని నాయకుడికి, దశాబ్దాలుగా పార్టీనే నమ్ముకున్న సీనియర్లను దాటి పగ్గాలు. ఇంతకంటే దూకుడు నిర్ణయం ఏముంటుంది?

వెంటనే అంతా సెట్ అయిపోలేదు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా. కోమటిరెడ్డి వెంకట్ రెడ్డి బహిరంగంగానే అసంతృప్తి వెళ్లగక్కారు. హుజూరాబాద్ ఉపఎన్నికలో పార్టీకి మూడు వేల పైచిలుకు ఓట్లే వచ్చాయి. 2022లో రాజగోపాల్ రెడ్డి పార్టీ వీడి బీజేపీలో చేరారు, మునుగోడులో కాంగ్రెస్ డిపాజిట్ పోయింది. అదే ఏడాది డిసెంబర్‌లో కమిటీల ప్రకటనతో ఒరిజినల్ కాంగ్రెస్, వలస కాంగ్రెస్ అంటూ రచ్చ రోడ్డెక్కింది. సీనియర్లు ఒకవైపు, పదవులకు రాజీనామా చేసిన రేవంత్ వర్గం ఇంకోవైపు.

అప్పుడు హైకమాండ్ ఏం చేసింది? రేవంత్‌ను తీసేయలేదు. సీనియర్లనూ బయటకు పంపలేదు. దిగ్విజయ్ సింగ్‌ను పంపి అందరి మాటా విన్నది. 2023 జనవరిలో ఇన్‌ఛార్జి మాణిక్కం ఠాగూర్ స్థానంలో మాణిక్‌రావ్ ఠాక్రేను తెచ్చింది. భట్టి విక్రమార్క సొంతంగా పాదయాత్ర చేసుకుంటానంటే అడ్డు చెప్పలేదు. ఎన్నికల ముందు రాజగోపాల్ రెడ్డి తిరిగొస్తే తలుపు తీసింది.

2023 డిసెంబర్ 7న ఎల్బీ స్టేడియంలో ప్రమాణస్వీకారం రోజు సీన్ గుర్తుందా? సీఎంగా రేవంత్, డిప్యూటీ సీఎంగా భట్టి, మంత్రులుగా ఉత్తమ్, కోమటిరెడ్డి. గొడవపడినవాళ్లంతా ఒకే వేదిక మీద!

అంటే నిర్ణయం దూకుడుగా జరిగింది.. దాన్ని అరిగించుకోవడం మాత్రం మెల్లగా, రెండున్నరేళ్లు పట్టింది. పైగా ఆ మార్పు కింది నుంచి కాదు, రాష్ట్ర పార్టీలో అందరికంటే పై కుర్చీతో మొదలైంది. అలాగని కథ సుఖాంతమైపోలేదు. మంత్రి పదవి రాలేదని రాజగోపాల్ రెడ్డి గెలిచాక కూడా అసంతృప్తి దాచుకోలేదు.

దూకుడుకు మరో పాత ఉదాహరణ 1995 ఆగస్టు. అంతకు ఎనిమిది నెలల ముందే 216 సీట్లతో గెలిచిన ఎన్టీఆర్‌ను సొంత ఎమ్మెల్యేలే దించేశారు. సెప్టెంబర్ 1న చంద్రబాబు సీఎం అయ్యారు. రాజకీయంగా ఆ మార్పు నిలబడింది. 1999లో ఆయన నాయకత్వంలోనే టీడీపీ మళ్లీ గెలిచింది. కానీ ఆ వారం రోజుల్లో జరిగిన దానికి ముప్పై ఏళ్లు దాటినా ప్రతి ఎన్నికల్లో సమాధానం చెప్పుకోవాల్సి వస్తోంది. దూకుడు పని చేస్తుంది.. కానీ బిల్లు చాలా కాలం వస్తూనే ఉంటుంది.

పక్కన పెట్టినవాళ్లు ఎక్కడికి వెళ్లాలి?

మార్పులో అందరూ మర్చిపోయే ప్రశ్న ఇది. కొత్తవాళ్లు ఎవరన్నది హెడ్‌లైన్ అవుతుంది. పాతవాళ్ల సంగతేంటి?

2024లో పొత్తు కోసం టీడీపీ 31 సీట్లు వదులుకుంది. తెనాలి నాదెండ్ల మనోహర్‌కు వెళ్లడంతో ఆలపాటి రాజేంద్రప్రసాద్‌కు సీటు పోయింది. ఆయన ఆగారు. 2025 మార్చిలో కృష్ణా-గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీగా గెలిచారు. పిఠాపురంలో పవన్ కల్యాణ్ కోసం తప్పుకున్న వర్మకు మాత్రం అదే నెలలో వచ్చిన ఎమ్మెల్సీ జాబితాలో చోటు దక్కలేదు. ఒకే పార్టీ, ఒకే త్యాగం, రెండు రకాల ఫలితాలు. రేపు మళ్లీ సీటు వదులుకోమంటే నాయకులు ఈ రెండు పేర్లూ గుర్తు చేసుకోరా?

సీటు తీసుకునేటప్పుడు ఇచ్చిన మాట నిలబడితేనే ఇంకోసారి మార్పు సాధ్యమవుతుంది. లేదంటే పక్కన పెట్టిన ప్రతి నాయకుడూ ఎదుటి పార్టీకి రెడీమేడ్ క్యాండిడేట్. వైఎస్సార్‌సీపీ దానికి చెల్లించిన ధర పైన చూశాం.

ఓడాక ఏం మారింది?

ఇప్పుడు బంతి ఓడిన పార్టీల కోర్టులో ఉంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో బీఆర్ఎస్‌కు ఒక్క సీటూ రాలేదు. పది మంది ఎమ్మెల్యేల ఫిరాయింపు వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 నవంబర్‌లో జూబ్లీహిల్స్ సిట్టింగ్ సీటు కూడా చేజారింది.

ఈ మధ్యలోనే పార్టీ తీరుపై కవిత తన తండ్రికి రాసిన లేఖ 2025 మేలో బయటకొచ్చింది. లోపల చెప్పుకోవాల్సిన మాట బయటకు ఎలా వచ్చిందని పెద్ద దుమారం రేగింది. సెప్టెంబర్ 2న ఆమె సస్పెండ్ అయ్యారు, మర్నాడే పార్టీకి, ఎమ్మెల్సీ పదవికి రాజీనామా చేశారు. ఆమె వాదనలో నిజమెంత, రాజకీయమెంత అన్నది వేరే చర్చ. కానీ లేఖలో లేవనెత్తిన ప్రశ్నల కంటే లేఖ ఎవరు లీక్ చేశారన్నదే పెద్ద టాపిక్ అయిన పార్టీలో, తర్వాత లేఖ రాసే ధైర్యం ఎవరు చేస్తారు?

అటు వైఎస్సార్‌సీపీలోనూ అదే ప్రశ్న. 2025 జనవరిలో రాజ్యసభకు రాజీనామా చేసి వెళ్లిపోయిన విజయసాయి రెడ్డి, జగన్ చుట్టూ ఉన్న కోటరీయే సమస్య అని బయటకొచ్చాకే ఆరోపించారు. లోపల ఉండగా చెప్పే చోటు లేదా, చెప్పినా వినేవాళ్లు లేరా?

రెండు పార్టీల్లోనూ కమిటీలు మారుతున్నాయి, ఇన్‌ఛార్జిలు మారుతున్నారు, రివ్యూ మీటింగులు జరుగుతున్నాయి. నిర్ణయాలు తీసుకునే టేబుల్ చుట్టూ కూర్చునేవాళ్లు మాత్రం పెద్దగా మారలేదు.

కార్యకర్త ఏం చూడాలి?

మెల్లగా మారిస్తే అరిగించుకునే టైమ్ దొరుకుతుంది, కానీ ఆలస్యమైతే ఎన్నికలే వచ్చి మార్చేస్తాయి. దూకుడుగా మారిస్తే మెసేజ్ గట్టిగా వెళ్తుంది, కానీ అడ్రస్ తప్పితే సొంత ఇల్లే కూలుతుంది.

అందుకే తర్వాతి ఎన్నికలకు ఏ పార్టీ మార్పు అని చెప్పినా మూడు విషయాలు చూస్తే చాలు. జనం కోపం ఎవరి మీదుందో, మార్పు అక్కడే జరిగిందా? సీటు పోయిన నాయకుడికి ఇచ్చిన మాట నిలబడిందా? తప్పు జరుగుతోందని లోపలి మనిషి చెబితే అతను ఇంకా లోపలే ఉన్నాడా?

మూడోదే అన్నిటికంటే కష్టం. ఎందుకంటే ఎమ్మెల్యేను మార్చాలంటే అధినేతకు ఒక్క లిస్ట్ చాలు. కానీ ఆ అధినేతే మారాలంటే ఆయనకు నిజం చెప్పే మనిషి కావాలి. ఆ మనిషిని గేటు బయట నిలబెట్టిన పార్టీకి చివరికి ఆ నిజం చెప్పేది పోలింగ్ బూత్‌లో ఓటరే. అప్పటికి దిద్దుకునే టైమ్ ఉండదు.